తుప్పు పట్టింది ఇనుముకే.. మందుకు కాదు

అలివి వల లాగే చేతులకు బరువు తెలుస్తుంది. చేపల బరువు ఒకలా ఉంటుంది, చెత్త బరువు ఇంకోలా ఉంటుంది. ఈ రెండూ కాని బరువు ఎప్పుడో ఒకసారి తగులుతుంది. ఒడ్డుకు లాగి చూస్తే మూరెడు పొడవున నాచూ, గుల్లలూ పట్టిన ఇనుప ముద్ద. ఒక కొస మొనదేలి ఉంటుంది. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పెంకు ఊడి లోపల చిలుము పట్టిన ఇత్తడి కనిపిస్తుంది. ఇత్తడంటే పాత సామాన్ల కొట్టులో నాలుగు డబ్బులు. అసలు ప్రమాదమంతా ఆ రెండు దెబ్బల దగ్గరే ఉంది.

అదేమిటో చెప్పగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల ఉండడు. ఉండేది వల లాగినవాళ్లు, చుట్టూ మూగిన పిల్లలు, పొద్దెక్కాక ఆటో వేసుకుని వచ్చే పాత ఇనుము వ్యాపారి. వీళ్లలో వ్యాపారికి దాని ధర తెలుసు. దాని కడుపులో ఏముందో అతనికీ తెలియదు. తెలిసిన పోలీసులు, నౌకాదళం వాళ్లు, బాంబు స్క్వాడ్ వాళ్లు వచ్చేసరికి అది సగం కోసి అయినా ఉంటుంది, లేదంటే ఊళ్లో ఎవరింటి అరుగు పక్కనో పడి ఉంటుంది.

గంజాం జిల్లా ఆర్యపల్లి నుంచి పూరీ పెంటకోట దాకా సముద్రం మీద బతికేవాళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. ఒడియావాళ్లు వీళ్లను నోలియాలంటారు. ఉత్తరాంధ్ర జాలారులకు, వాడబలిజలకు దగ్గరి చుట్టాలు. దక్షిణాన పులికాట్ గట్ల మీదా, ఉత్తర చెన్నైలోనూ తెలుగు కుటుంబాలున్నాయి. యానాం మత్స్యకారులైతే గోదావరికీ సముద్రానికీ మధ్యన బతుకుతున్నారు. ఈ తీరం పొడవునా ఇలాంటి వస్తువు మొదట కంటపడేది వీళ్లకే. వీళ్లకు అర్థమయ్యే భాషలో దాని గురించి ఒక్క ముక్క చెప్పే నాథుడు మాత్రం కనిపించడు. ఈ తీరపు తెలుగువాళ్లు అడగాల్సింది దీని గురించే.

ఇక్కడికి యుద్ధమెప్పుడొచ్చింది?

యుద్ధమంటే కాశ్మీరం, లడఖ్ అనుకోవడం అలవాటు. తూర్పు తీరానికీ వాటాలో కొంత వచ్చింది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎండెన్ అనే జర్మనీ యుద్ధనౌక మద్రాసు ఎదుటికి వచ్చి నిలబడింది. పది సెంటీమీటర్లకు పైబడిన ఫిరంగులతో నూట పాతిక, నూట ముప్ఫై దాకా గుండ్లు కురిపించి చీకట్లోకి జారుకుంది. బర్మా ఆయిల్ కంపెనీ టాంకులు తగలబడ్డాయి. రేవులో ఉన్న ఓడలో మనుషులు చచ్చిపోయారు. అప్పటికి మద్రాసు తమిళులకెంతో తెలుగువాళ్లకూ అంతే రాజధాని. మర్నాటి నుంచీ జనం మూటాముల్లే సర్దుకుని రైలు స్టేషన్ల మీద పడ్డారు. తమిళంలో గడుసువాణ్ని ‘ఎమ్డన్’ అనడం ఆ దెబ్బతోనే మొదలైంది. మద్రాసు హైకోర్టు ప్రహరీ దగ్గర ఫలకం నేటికీ ఉంది. ఆ గుండ్లలో అన్నీ పేలలేదు. కొన్ని నేలలో దిగాయి, కొన్ని నీళ్లలో పడ్డాయి.

తర్వాతి వంతు జపానుది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ వారంలోనే బంగాళాఖాతంలో ఇరవై వరకూ సరకు ఓడలు మునిగాయి. వాటిలో కొన్ని మునిగింది ఒడిశా తీరానికి ఎదురుగానే. విశాఖ, మద్రాసుల్లో ఉన్నవాళ్లు ఉన్నట్టు పల్లెల్లోని చుట్టాలిళ్లకు తరలిపోయారు. కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది. 1940లోనే ఫ్రెంచి ఇండియా మిత్రపక్షం వైపు మొగ్గినందున అదీ క్షేమంగా ఉన్న గడ్డేమీ కాదు.

ఆ ఏప్రిల్ నాటి పేలని జపాను బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. సందర్శకులు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. నిర్వీర్యం చేసింది కాబట్టి ఏ భయమూ లేదు. అయితే ఒక సంగతి గమనించాలి. పడిన బాంబుల్లో పేలనిది ఉంటుందనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. దొరికింది మ్యూజియానికి చేరింది. దొరకనివాటి సంగతే తేలలేదు.

1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముందే మునిగిపోయింది. దాని శిథిలం ఇప్పటికీ అడుగునే ఉంది.

ఇవన్నీ పాత లెక్కలు. వీటికి కొత్త లెక్క కూడా కలుస్తుంది. బాలేశ్వర్ దగ్గరి చాందీపూర్‌లో ఫిరంగులను పరీక్షించే కేంద్రం 1890ల నుంచీ పనిచేస్తోంది. ఆటుపోట్లకు అక్కడ సముద్రం నాలుగైదు కిలోమీటర్ల వెనక్కి పోతుంది. పేల్చిన గుండు మెత్తటి బురదలో దిగితే నీళ్లు తీసినప్పుడు తవ్వి తెచ్చి పరీక్షించవచ్చనే ఆ చోటు ఎంచుకున్నారు. బరంపురానికి ఆనుకుని గోపాల్‌పూర్‌లో సైన్యపు ఎయిర్ డిఫెన్స్ కళాశాల ఉంది. విమానాలను కొట్టే తుపాకుల మీద అక్కడ శిక్షణ ఇస్తారు, కాల్పులు సముద్రం వైపే సాగుతాయి. దేశానికి ఇవి కావాలి, అందులో వాదన లేదు. కానీ రెండేళ్లు ఉప్పునీళ్లలో నాని గుల్లలు పట్టాక, నిన్నటి శిక్షణ గుండుకూ 1942 నాటి గుండుకూ తేడా చెప్పడం చదువుకున్నవాడి వల్ల కూడా కాదు. కాబట్టి ‘అది పాత యుద్ధం నాటిది, ఏమీ కాదులే’ అన్న మాటకు అర్థమే లేదు. పాతదని ఎవరు చూశారు? పాతదైతే మాత్రం ఏమీ కాదని ఎవరు చెప్పారు?

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు బయటపడుతుందని కొందరికి అనుమానం. ఇసుక ఒకచోట ఉండదు, అదే జవాబు. మద్రాసు రేవు కట్టాక దక్షిణాన ఇసుక మేటవేసి మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోతకు గురైంది. కాకినాడ పక్కన ఉప్పాడ కథ తెలిసిందే, ఊళ్లకు ఊళ్లే తగ్గిపోతున్నాయి. విశాఖ ఆర్కే బీచిలో రెండో ప్రపంచ యుద్ధం నాటి కాంక్రీటు పిల్‌బాక్సు ఇసుకలో కూరుకుపోయి, అలలు కోసినప్పుడల్లా తల బయటపెడుతోంది. అంతటి కాంక్రీటు దిమ్మనే కెలికి తీసే సముద్రానికి పది కిలోల గుండు ఒక లెక్కా? ఒక పెద్ద తుపాను వస్తే చాలు. గాలివాన వెలిసిన మర్నాడే పిల్లలు ఏం దొరుకుతుందో అని ఒడ్డు పట్టుకుని తిరుగుతారు కూడా.

కళ్లతో చూడాలి.. చేత్తో కాదు

గుర్తుపట్టడం నేర్పితే జనం దగ్గరికి పోతారని కొందరు అధికారులకు భయం. గుర్తుపట్టడం రాకనే దగ్గరికి పోతున్నారన్నది వాస్తవం. నాలుగు సంగతులు తెలిస్తే పది అడుగుల అవతల నుంచే వెనక్కి తిరగవచ్చు.

సముద్రంలో ఏదీ అంత తిన్నగా, అంత గుండ్రంగా ఉండదు. రాయికి సమానమైన అంచులుండవు, కొయ్యకు మెలికలు తిరిగిన చుట్లుండవు. స్తంభంలా ఉండి ఒక కొస మొనదేలినా, ఒక చివర రెక్కలున్నా అనుమానించాల్సిందే. ఫిరంగి గుండుకు అడుగు దగ్గర చుట్టూ రాగి పట్టీ ఉంటుంది. ఇనుము తుప్పు పట్టి కరిగినా రాగి ఆకుపచ్చగా మిగులుతుంది. పేల్చేటప్పుడు ఫిరంగి గొట్టం లోపలి గాళ్లను పట్టుకుని గుండును గిరగిరా తిప్పేది ఆ పట్టీయే. దాని మీద ఏటవాలు గీతలుంటే ఆ గుండును ఒకసారి పేల్చారన్నమాట. ఫిరంగిలోంచి బయటికొచ్చింది, పడాల్సిన చోట పడింది, ఎందుకో పేలలేదు. అన్నింటిలోకీ గడ్డురకం ఇదే. ఎందుకంటే మొనలోని ఫ్యూజుకు మెలకువ వచ్చేది ఆ దెబ్బతో, ఆ తిరుగుడుతోనే. మెలకువ వచ్చిన ఫ్యూజు ఒకసారి ఆగింది. రెండోసారి ఎందుకు ఆగాలి? సుత్తి దెబ్బకు ఆగుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. అలాగని గీతలు లేని పట్టీ మంచిదని కాదు. గీతలున్నాయో లేవో వంగి చూడటమే పెద్ద పొరపాటు.

చిన్న తూటాల సంగతి వేరు. వేలెడు పొడవున ఇత్తడి తొడుగు, అడుగున గుండ్రటి బిళ్ల, బిళ్ల మీద అక్షరాలు. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాయింట్ త్రీనాట్‌త్రీ తూటాల అడుగున చేసిన కార్ఖానా గుర్తు, ఏడాదిలోని చివరి రెండంకెలు ముద్ర వేసి ఉంటాయి. పుణె దగ్గరి ఖడ్కీ కార్ఖానాలో తయారైనవాటి మీద ‘కె’, ‘ఎఫ్’ అక్షరాలు కనిపిస్తాయి. 1869లో మొదలైన కార్ఖానా అది. చరిత్ర మీద ఇష్టమున్నవాళ్లకు అదొక ముచ్చట. ముచ్చట పడేది ఖాళీ తొడుగు చూసి. ముందు గుండూ, వెనక టోపీ చెదరకుండా ఉన్నదాన్ని తాళంచెవుల గుత్తికి తగిలించుకు తిరిగే కుర్రాళ్లున్నారు చూడండి, వాళ్లకు ఎవరైనా పెద్దవాళ్లు చెప్పాలి.

రంగు చూసి తేల్చేద్దామనుకునేవాళ్లు కూడా ఉంటారు. సైన్యం లెక్కలో నీలం శిక్షణకు, పసుపు పేలుడు మందుకు గుర్తు. లెక్క మంచిదే. కానీ సముద్రం మొదట తినేది రంగునే.

ఇక అన్నింటికంటే మోసకారి గుండులా కనిపించనిది. తెల్ల భాస్వరం అనే మందు మైనపు ముద్దలా, లేత పసుపు రాయిలా ఉంటుంది. తడిగా ఉన్నంతసేపూ నోరెత్తదు. ఆరి, గాలి తగిలి, వేడి 30 డిగ్రీల పైకి పోతే దానంతటదే అంటుకుంటుంది. జర్మనీలో యూసెడోమ్ అనే దీవి ఉంది. ఆ దీవి మీదే ఉన్న పీనెముండె రాకెట్ కేంద్రం మీద 1943 ఆగస్టులో బ్రిటన్ విమానాలు బాంబులు వేశాయి. వాటిలోని భాస్వరం సముద్రంలో పడింది. ఆ ఒడ్డున జనం అంబరు రాళ్లు ఏరుకుంటారు. అంబరనుకుని భాస్వరాన్ని జేబులో వేసుకుని కాల్చుకున్నవాళ్లు ఈ కాలంలోనూ ఉన్నారు. అక్కడ చలిదేశం కనుక జేబు దాకా వచ్చాక అంటుకుంది. గోపాల్‌పూర్ ఎండకు అరచేతిలోనే అంటుకుంటుంది. దాని పొగ వెల్లుల్లి వాసన వేస్తుంది. నౌకలవాళ్లు సముద్రంలో గుర్తు కోసం వదిలే పొగ గొట్టాలు సగం మండి ఒడ్డుకు కొట్టుకొస్తుంటాయి. వాటిలోనూ ఇలాంటి సరుకే ఉంటుంది. ఒడ్డున అల్యూమినియం గొట్టం, దాని చుట్టూ వెల్లుల్లి కంపు, కుళ్లిన చేప కంపు ఉంటే గాలికి ఎదురుగా దూరం జరగాలి తప్ప తొంగి చూడకూడదు.

స్కాట్లండులో 1995లో జరిగింది ఇక్కడివాళ్లు తెలుసుకోవాలి. బ్రిటన్ రెండు యుద్ధాల తర్వాత మిగిలిన మందుగుండును పది లక్షల టన్నులకు పైగా బోఫర్ట్స్ డైక్ అనే సముద్రపు లోయలో పారబోసింది. కంటికి కనిపించకపోతే పీడ వదిలిందనుకున్నారు. యాభై ఏళ్ల తర్వాత ఆ దగ్గర్లో గ్యాస్ పైపులైను వేసే రోజుల్లో భాస్వరం గొట్టాలు వేల సంఖ్యలో ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఒక చిన్నపిల్లాడికి కాలింది. ఆ సముద్రం లోతు రెండొందల మీటర్ల పైమాటే. అయినా పైకి తెచ్చింది.

ముసలిదైపోయింది, నీళ్లలో నానింది, మందు చచ్చిపోయి ఉంటుంది అన్నది ఒడ్డున వినిపించే మూడో మాట. ఇది శుద్ధ తప్పు. టి.ఎన్.టి. నీళ్లలో కరిగేది బహు తక్కువ. పెంకు దిట్టంగా ఉంటే లోపల పోసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం గుండ్లలో ఎక్కువగా వాడిన పిక్రిక్ ఆమ్లం ఇంకా నయం కాదు. అది రాగితో, సీసంతో కలిసి చిన్న రాపిడికే పేలే లవణాలుగా మారుతుంది. అంటే కొన్ని రకాలు వయసు పెరిగేకొద్దీ మెత్తబడవు, మరింత చిరచిరలాడతాయి. తుప్పు పట్టి బలహీనపడేది పెంకు ఒక్కటే.

కొట్టుకు పోతే కాసులు, స్టేషన్‌కు పోతే ప్రశ్నలు

ఇంత తెలిసినా తెలియకపోయినా, మత్స్యకారుడి ముందు ఆ ఉదయం ఉండేవి రెండు దారులు. పాత ఇనుము కొట్టుకు పోతే చేతికి డబ్బొస్తుంది. పోలీస్ స్టేషన్‌కు పోతే ప్రశ్నలొస్తాయి. ఎక్కడ దొరికింది, ఎవరితో పోయావు, పడవ ఎవరిది, లైసెన్సుందా, ఇంతకుముందు ఏమేం దొరికాయి, ఎవరికి అమ్మావు? రాసుకునేవాడికి తెలుగు రాదు, చెప్పేవాడికి ఒడియా అంతంతమాత్రం, తమిళం మాట్లాడొచ్చినా చదవలేడు. ఏం రాశారో తెలియని కాగితం మీద వేలిముద్ర వేయాలి. ఆ రోజు వేట పోయినట్టే. మధ్యవర్తిని వెంటబెట్టుకుపోతే వాడికీ ఇచ్చుకోవాలి. ఇంత తతంగమెందుకని సముద్రంలోకే తిరిగి విసిరేస్తారు. అది మళ్లీ వేరేవాడి వలలో పడుతుంది.

పోలీసుల వైపు కూడా కొంత న్యాయం లేకపోలేదు. వచ్చే కబుర్లలో చాలా వరకూ గ్యాస్ సిలిండర్లో, వలకు కట్టే ఇనుప డోలులో, ఓడల నుంచి జారిన బోయలో అయి ఉంటాయి. బాంబు స్క్వాడ్‌ను జిల్లా కేంద్రం నుంచి రప్పించి తీరా చూస్తే పాత బోరింగు పైపు. నాలుగుసార్లు ఇలా జరిగితే ఐదోసారి కబురు తెచ్చినవాడి మీద విసుగు వస్తుంది. ఆ విసుగే ప్రమాదం. నాలుగు పైపులు చూసొచ్చిన శ్రమ ఐదోసారి ఒక ప్రాణం నిలబెడితే దాన్ని వృథా అనకూడదు.

చట్టం మత్స్యకారుడికి వ్యతిరేకంగా ఉందా అంటే అదీ కాదు. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం అనుమానాస్పదంగా దగ్గర ఉంచుకున్నవాణ్ని పట్టుకుంటుంది. 1959 నాటి ఆయుధాల చట్టంలో ‘దగ్గర ఉంచుకోవడం’ అంటే తెలిసి ఉంచుకోవడమేనని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. వలలో పడినదాన్ని పడినచోటే వదిలి కబురు చెప్పినవాడు నేరస్థుడు కాడు, సాక్షి. ఇంటికి తెచ్చి అటక మీద పెట్టినవాడికే చిక్కు. ఈ చిన్న తేడాను పల్లె పల్లెకూ తెలుగులో చెప్పి ఉంటే సగం భయం పోయేది.

కబురు చెప్పినవాడి వల్ల ఎంత మేలో రామేశ్వరం దగ్గరి తంగచ్చిమడంలో చూశారు. 2018 జూన్‌లో అక్కడ ఒక మత్స్యకారుడి పెరట్లో సెప్టిక్ ట్యాంకు కోసం గొయ్యి తవ్వుతుంటే తూటాల పెట్టెలు బయటపడ్డాయి. 1980లలో శ్రీలంక తమిళ మిలిటెంట్లు దాచినవి. వేలకొద్దీ తూటాలు. మూడు దశాబ్దాలకు పైగా వాటి మీదే జనం కాపురాలు చేశారు. పోలీసులకు కబురందింది గనుక ఎవరికీ ఏమీ కాలేదు.

కబురందకుండా తుక్కులో కలిసిపోతే ఏమవుతుందో ఉత్తరాదిలో తెలిసొచ్చింది. 2004 సెప్టెంబర్ 30న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఒక ఉక్కు కర్మాగారంలో విదేశాల నుంచి వచ్చిన తుక్కు పేలి పదిమంది కార్మికులు చచ్చిపోయారు. తుక్కు ఇనుములో పేలని గుండ్లున్నాయి. ఆ తర్వాత మేలుకున్న కేంద్రం దిగుమతి తుక్కుకు ఎక్కించే రేవులోనే తనిఖీ పత్రం ఉండాలని గట్టి చేసింది. బయటి దేశం నుంచి ఓడలో వచ్చే తుక్కుకు పత్రం కావాలి. మన సముద్రంలోంచే ఒడ్డుకు వచ్చి ఆటోలో కొట్టుకు పోయే తుక్కుకు ఏ పత్రమూ అక్కర్లేదు. ఈ కొట్లను వారానికోసారి చూసే మనిషి ఎవరు? మున్సిపాలిటీకి వాటి మీద పన్ను తెలుసు, పోలీసులకు దొంగ సొత్తు తెలుసు. గుండు సంగతి ఎవరి పద్దులోనూ లేదు.

తాబేలుకు ఉన్న పాటి

పరిహారం మాట ఎత్తగానే ‘ప్రతి ఇనుప ముక్కకూ డబ్బిస్తే జనం ఏరడమే పనిగా పెట్టుకుంటారు’ అనేవాళ్లున్నారు. అభ్యంతరంలో నిజముంది. కిలోకు ఇంత అని లెక్కకట్టి గుండుకు వెల కట్టడం ఆత్మహత్యే. వియత్నాంలో అమెరికా యుద్ధం ముగిశాక తుక్కు కోసం గుండ్లు ఏరి ప్రాణాలు పోగొట్టుకున్న పేదల కథ లోకమంతటికీ తెలుసు. ఇక్కడ అడిగేది అది కాదు. గుండు తెచ్చినందుకు కాదు, తేకుండా వదిలినందుకు ఇవ్వాలి. పోయిన వేట రోజుకు, కోసుకున్న వలకు ఇవ్వాలి.

ఇందుకు దారి కొత్తగా వేయక్కర్లేదు. రక్షిత జాతుల జీవాలు వలలో పడితే వల కోసి వదిలిపెట్టిన మత్స్యకారులకు మహారాష్ట్ర ప్రభుత్వం 2018 నుంచి 25 వేల రూపాయల వరకూ పరిహారమిస్తోంది. గంజాంలో రుషికుల్య ముఖద్వారం వద్ద ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం ఏటా నవంబర్ 1 నుంచి మే 31 వరకూ వేట నిషేధిస్తారు, జీవనోపాధి పోయినవాళ్లకు ఒడిశా ప్రభుత్వం ఏదో ఒక సాయం అందిస్తోంది. సరిపోతుందా లేదా అన్నది వేరే తగువు. చాందీపూర్ క్షిపణి కేంద్రం పెద్ద పరీక్షలు జరిపినప్పుడు చుట్టుపక్కల పల్లెలవాళ్లను ఆ పూటకు తరలించి కూలి కట్టిస్తోంది. తాబేలు కోసం వల కోసినవాడికి ఇవ్వగలిగినప్పుడు, ఊరి పిల్లల కోసం వల కోసినవాడికి ఇవ్వడానికి ఏ నిబంధన అడ్డు?

ఇక భాష. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో తెలుగు పల్లెలు అటుపోయాయి. 1953లో ఆంధ్ర విడిపోయినప్పుడు మద్రాసు నగరం, దాంతోపాటు అక్కడి తెలుగువాళ్లు అటే ఉండిపోయారు. 1956లో రాష్ట్రాల పునర్విభజన నాడు కేంద్రం భాషా అల్పసంఖ్యాకులకు రాతపూర్వకంగా కొన్ని హామీలిచ్చింది. ఒక ప్రాంతంలో వాళ్లు జనాభాలో 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు, నిబంధనలు వాళ్ల భాషలో కూడా ప్రచురించాలన్నది అందులో ఒకటి. బడుల గురించి, టీచర్ల గురించి తెలుగు సంఘాలు ఈ హామీని ఎన్నోసార్లు ఎత్తి చూపాయి. సంతోషం. కానీ ‘ముట్టుకుంటే చస్తారు’ అన్న ప్రకటన కంటే ముఖ్యమైన ప్రకటన మరొకటుంటుందా? మహాసభల తీర్మానాల్లో ఆ వాక్యం ఎప్పుడు చోటు చేసుకుంటుంది? సరిహద్దు అవతలి తెలుగంటే అవధానాలు, ఉగాది పచ్చడి, పాఠ్యపుస్తకాలు మాత్రమే కాదు. ఒడ్డున నిలబడ్డ కుర్రవాడు చదువుకోగల నాలుగు మాటలు కూడా.

ఆ నాలుగు మాటలు పెద్ద పండితులు రాయాల్సినవేమీ కావు. ‘అవిస్ఫోటిత ఆయుధ సామగ్రి’ అని రాస్తే ఒడియాలో రాసినా ఒకటే, తెలుగులో రాసినా ఒకటే. ‘ఇనుప గుండు కనబడితే ముట్టుకోవద్దు. కొట్టొద్దు, కొయ్యొద్దు, మొయ్యొద్దు. వంద మీటర్లు దూరం పోయి 112కు ఫోన్ చెయ్యండి’. ఇంతే. పక్కన బొమ్మ. చదువు రానివాళ్లకు బొమ్మే బోర్డు. వలలో పడితే పడవలోకి ఎక్కించకుండా, చేతనైతే వల కోసి ఆ చోటున బోయ కట్టి కోస్ట్‌గార్డు నంబరు 1554కు చెప్పాలని ఇంకో వాక్యం. ఒడ్డునైతే దూరంగా కర్ర పాతి గుడ్డ కట్టి, పిల్లల్ని కుక్కల్ని అటు పోనివ్వకుండా ఒకరు కాపలా ఉంటే చాలు. సెల్‌ఫోన్ దాని పక్కన నిలబడి వాడకూడదు. ముఖ్యంగా సెల్ఫీ దిగకూడదు. ఈ కాలంలో అది కూడా రాయాల్సి వస్తోంది.

బోర్డులు పెడితే బీచిలకు టూరిస్టులు రారని హోటళ్లవాళ్లు గొణుగుతారు. సొరచేపల బోర్డులు పెట్టిన దేశాల్లో బీచిలు మూతపడలేదు. బోర్డు లేని చోట ఒక్క పేలుడు జరిగితే ఏళ్ల తరబడి ఎవరూ రారు. ఈ వాదన మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

పని ఎవరిది అన్న దగ్గర ఫైలు ఆగుతుంది. ఒడ్డు రెవెన్యూవాళ్లది, అలలు అటవీశాఖకో మత్స్యశాఖకో చెందుతాయి, శాంతిభద్రతలు పోలీసులవి, గుండు సైన్యానిదో నౌకాదళానిదో, మనిషి మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండడు. గంజాం కలెక్టరో, తిరువళ్లూరు కలెక్టరో, యానాం పాలనాధికారో ఒక మత్స్యశాఖ ఇన్‌స్పెక్టరును ఇందుకు పేరు పెట్టి నియమిస్తే చాలు. తెలుగొచ్చిన మనిషైతే మరీ మంచిది. కబురొస్తే ముందు వెళ్లేది, పోలీసులకూ జాలరికీ మధ్య మాట కలిపేది, పోయిన వేటకు కాగితం రాసిచ్చేది ఆ మనిషే. తుక్కు కొట్ల యజమానుల్ని కూర్చోబెట్టి, రాగి పట్టీ ఉన్న ఇనుము తెస్తే కొనకుండా ఫోన్ చెయ్యాలని చెప్పడం కూడా ఆ మనిషి పనే కావాలి. కొనేవాడు లేకపోతే కొట్టేవాడూ ఉండడు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మర బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, జాలర్లు చెట్ల కింద వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. బడులకు సెలవులు కనుక పిల్లలంతా ఇసుకలోనే ఉంటారు. చెప్పడానికి వాళ్లను వెతుక్కుంటూ పోవాల్సిన పనిలేదు. బరంపురంలో తెలుగు, ఒడియా రెండూ రాయగల పెయింటర్లకు కొదవ లేదు.